అంచు లేని బట్ట

విజయవాడ,
6 జూలై 2025, ఆదివారం

మావయ్యకు,

హేమ రాస్తున్నాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. పోస్ట్‌మ్యాన్ ఏరు దాటించే పంటు దిగి మీ ఇంటికి రావడం చూసి అత్త ముందు కంగారుపడి, తర్వాత ఊరందరికీ చెప్పేసి ఉంటుంది. కంగారేమీ లేదు, బాగానే ఉన్నాను. మా హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు. ఆదివారం పూట వార్డెన్ తెరేసమ్మ మేడమ్ ఫోన్లోంచి అమ్మతో మాట్లాడిస్తారు. అది కూడా స్పీకర్ పెట్టి, వెనకాల వరసలో పిల్లలంతా నిలబడి వింటుంటే మాట్లాడాలి. నీతో చెప్పాల్సింది అలా చెప్పేది కాదు. మా క్లాసులో వినీల రోజూ ఇంటినుంచి వచ్చి వెళ్తుంది. వాళ్ళ నాన్నకు గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపుంది. ఈ ఉత్తరం తనే పోస్టు చేస్తుంది. నువ్వు కూడా ఆ షాపు అడ్రసుకే రాయి. హాస్టల్‌కు రాస్తే చించి చదివాక గానీ ఇవ్వరు.

విషయానికొస్తాను. దసరా సెలవుల్లో తమ్ముడు మణికి పంచెలు, నాకు ఓణీలు కలిపి చేసేస్తారట. అవనిగడ్డలో ఫంక్షన్ హాలు కూడా మాట్లాడేశారట. అమ్మ ఇవాళే ఫోన్లో చెప్పింది. "అమ్మమ్మ పోయిన ఏడాది నీ ఫంక్షన్ ఆగిపోయింది కదే, ఇప్పటికైనా ఆ ముచ్చట తీర్చుకోనీ" అంది. వెనకాల నిలబడ్డ అమ్మాయి తొందరగా కానిమ్మని వీపు మీద పొడుస్తోంది. సరేనని పెట్టేశాను.

సరే కాదు మావయ్యా. నాకు ఆ ఫంక్షన్ వద్దు. ఓణీ వేసి స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టి, మా పిల్ల పెద్దదైంది చూడండంటూ అందరిచేతా అక్షింతలు వేయిస్తారు. అది నావల్ల కాదు. అమ్మకు చెబితే ఏడుస్తుంది, నాన్నకు చెబితే అరుస్తాడు. నీకే ఎందుకు చెబుతున్నానంటే, ఆ బట్టలు పెట్టాల్సింది మేనమామ. నువ్వు పళ్ళెంలో తెచ్చి చేతిలో పెడితేనే మనవాళ్ళలో ఫంక్షన్ మొదలవుతుంది. నువ్వు తేనంటే ఆగిపోతుంది.

ఎందుకని అడుగుతావు. నేను ఆడపిల్లనని నాకు అనిపించదు మావయ్యా. ఎప్పుడూ అనిపించలేదు. ఇంకా చాలా రాయాలి గానీ స్టడీ అవర్ బెల్లు కొట్టేశారు.

అత్తను అడిగానని చెప్పు. పీతలు బాగా పడుతున్నాయా?

నీ
హేమ


ఎదురుమొండి,
19 జూలై 2025

చి.ల.సౌ. మేనకోడలు హేమకు మావయ్య పేరయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నువ్వనుకున్నట్టే అయింది. కవరు చూడగానే మీ అత్త కోర్టు నోటీసేమోనని హడలిపోయింది. నువ్వని తెలిశాక, మా కోడలు చేత్తో ఉత్తరం రాసిందంటూ వీధంతా చాటింపు వేసొచ్చింది. నేను కాగితం మీద పెన్ను పెట్టి చాలా కాలమైంది. తప్పులుంటే నవ్వుకో, దిద్ది పంపకు.

పీతలకేం, మడ చెట్ల మొదళ్ళలో బాగానే దొరుకుతున్నాయి. కొనే సంజీవరావుతోనే చావు. మహా గట్టివాడు. బుట్టలోంచి ఒక్కో పీతనూ తీసి, తిరగేసి పొట్ట చూస్తాడు. మగదైతే ఈ బుట్ట, ఆడదైతే ఆ బుట్ట. గుడ్డున్న ఆడపీత కనబడితే వాడి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతుంది. నాకైతే తిరగేయకుండా ముందుకాళ్ళ డెక్కలు చూసే చెప్పడం అలవాటు. అయినా వాడు నన్ను నమ్మడు.

ఇక నీ సంగతి. ఓణీలంటే ఎందుకమ్మా అంత భయం? ఆడపిల్లనని అనిపించడం లేదన్నావు. అర్థమైంది. నీకింకా చిన్నపిల్లననే ఉందన్నమాట. అది ఎవరికైనా ఉండేదే. మీ అమ్మ తన ఓణీల రోజున జామచెట్టెక్కి కూర్చుంది. వచ్చిన చుట్టాలంతా కింద నిలబడి బతిమాలారు. చివరికి నేనే ఎక్కి దింపాను. తర్వాత ఆ ఫోటోలు చూసుకుని మురిసిపోయిందీ అదే. ఒకవేళ ఓణీలు కాగానే పెళ్ళి మాట ఎత్తుతారని భయమైతే, అది నా మీద వదిలెయ్యి. నీ చదువు అయ్యేదాకా ఆ మాట ఎత్తినవాణ్ణి పడవలోంచి నేనే తోసేస్తాను.

మేనమామ బట్టలు తేకపోవడమనేది మాత్రం లేదు తల్లీ. నాకున్నది ఒక్కగానొక్క చెల్లెలు. మాకా పిల్లల్లేరు. నీకూ మణికీ పెట్టే ఆ బట్టల కోసం నేనూ అత్తా ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నాం. అత్త ఇప్పుడే చిలకపచ్చా, వంకాయరంగా అని నా ప్రాణం తీస్తోంది. నీకేది కావాలో రాయి.

ఇట్లు
మావయ్య


విజయవాడ,
3 ఆగస్టు 2025

మావయ్యా,

రంగు గురించి కాదు. చిన్నపిల్లననీ కాదు, పెళ్ళి భయమూ కాదు. ఈసారి బెల్లు కొట్టేలోపు మొత్తం చెప్పాలని మధ్యాహ్నం అన్నం మానేసి రాస్తున్నాను.

ఇక్కడ మా బ్లాకు కిటికీలకు ఇనుప మెష్ ఉంటుంది. అబ్బాయిల బ్లాకుకూ మాకూ మధ్య రేకుల గోడ. గన్నవరంలో దిగే విమానాలు సరిగ్గా మా డాబా మీదుగా వెళ్తాయి, డాబా తలుపుకు మాత్రం తాళం. పొద్దున్నే రెండు జడలు వేసి, మడిచి, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని లైన్లో నిలబడాలి. ఆడపిల్లలు ఇలా కూర్చోవాలి, ఆడపిల్లలు అంత గట్టిగా నవ్వకూడదు అని మేడమ్‌లు రోజూ చెబుతారు. పక్కవాళ్ళకు కోపమొస్తుంది. నాకు కోపం కూడా రాదు మావయ్యా. పక్కింటివాళ్ళను ఎవరినో అంటున్నట్టు ఉంటుంది.

ఒకరోజు వినీలని అడిగాను, నువ్వు అమ్మాయివని నీకెలా తెలుసని. "తెలియడమేంటి, లోపల ఉంటుంది కదా" అంది. నేనూ లోపల వెతుక్కున్నాను. లెక్కలంటే ఇష్టం ఉంది, అత్త చేసే పీతల ఇగురు మీద ఆశ ఉంది, మణిగాడి మీద కోపం ఉంది. అదొక్కటి లేదు. పోయిందని బాధ కూడా లేదు, ఎందుకంటే ఎప్పుడూ లేదు. వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు ఫోన్లో ఎవరో రాసింది చదివాను. వాళ్ళకీ అంతేనట. దాన్ని ఏజెండర్ అంటారట. రోగం కాదట. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసి ఆ పూట దుప్పటి కప్పుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

ఇంకో సంగతి. నీకు అమ్మ ఈపాటికే ఫోన్ చేసి ఉంటుంది. బుధవారం తెరేసమ్మ మేడమ్ కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసి రెండు జడలూ కత్తిరించేశాను. ముందు అనుకుని చేసింది కాదు. రిబ్బన్లు కట్టుకుంటూ అద్దంలో చూసుకున్నాను, ఇక ఒక్క రోజు కూడా వీల్లేదనిపించింది. మేడమ్ కొట్టలేదు గానీ ఇంటికి ఫోన్ చేసి చెప్పారు. నెలకోసారి బయటికి పంపేవాళ్ళు, అదీ తీసేశారు.

నేను ఆడపిల్లని కాను మావయ్యా. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

హేమ


ఎదురుమొండి,
14 ఆగస్టు 2025

చి. మేనల్లుడికి మావయ్య పేరయ్య దీవెనలు.

పైన ఏం రాశానో చూశావుగా? ఇంకోసారి చదువుకో.

నీ ఉత్తరం పడవలో కూర్చుని చదివాను. ఒకసారి చదివితే ఎక్కలేదు, మళ్ళీ చదివాను. ఆడపిల్లవు కావు. అంటే మగపిల్లాడివి. ఇంత చిన్న ముక్క నా బుర్రకెక్కడానికి ఇన్నాళ్ళు పట్టింది. నువ్వు ఇంకేదో ఇంగ్లీషు పేరు రాశావు, అది నాకు నోరు తిరగలేదు. పేరుతో మనకేం పని?

మావయ్య లంకలో ఉంటాడు, లోకం చూడలేదనుకోకు. నాగాయలంకలో నాకు గడ్డం గీసే కుర్రాడు ఒకప్పుడు ఆడపిల్లేనట. ఇప్పుడు నాకంటే గుబురుగా మీసం పెంచాడు. బంగారంలాంటి మనిషి. ఊళ్ళోవాళ్ళు కొన్నాళ్ళు నవ్వారు, ఇప్పుడు అతని షాపులోనే క్యూ కట్టి కూర్చుంటున్నారు. మీ అత్త ఒక పూటంతా ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కొచ్చి "చొక్కా సైజు ఎంతో కనుక్కో" అంది. అదీ నా పెళ్ళాం.

కాబట్టి ఓణీ మాట మర్చిపో. పంచెలు రెండు తెస్తున్నాను, ఒకటి మణికి, ఒకటి నీకు. జరీ అంచువి. అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి నా చేత్తో కడతాను. హేమ అన్న పేరు ఇబ్బందిగా ఉంటే హేమంత్ అనుకుందాం, అదీ బాగానే ఉంది.

మీ ఇంట్లో కూడా నేనే చెప్పేశాను. మొన్న పనిగట్టుకుని అవనిగడ్డ వెళ్ళి మీ అమ్మనూ బావనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. అది గుండెలు బాదుకుంది. బావ చిట్టిబాబుకు చెయ్యి ఊరుకోదు కదా, అన్నం పళ్ళెం విసిరాడు. విసరనీ. పెద్ద మాట బయటపడింది, ఇక దాచుకునేదేం లేదు. నువ్వు ధైర్యంగా చదువుకో. మావయ్య ఉన్నాడు.

మేనకోడలైతేనే ముద్దు, మేనల్లుడైతే కాదా ఏంటి?

ఇట్లు
మావయ్య, అత్త


విజయవాడ,
24 ఆగస్టు 2025

మావయ్యా,

ఇవాళ అమ్మ వచ్చింది. మమ్మల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం గేటు పక్కన రేకుల షెడ్డుంది, అక్కడ కూర్చున్నాం. క్యారేజీలో చేపల పులుసు తెచ్చింది. మూత తియ్యకుండానే ముందు నా తల తడిమి చూసింది. "మీ మావయ్య నువ్వు మగాడివైపోతున్నావంటన్నాడు, నిజమేనంటే?" అని అడిగింది. కాదన్నాను. ఒక్క క్షణం అమ్మ మొహం ఎంత తేటపడిందో చెప్పలేను. "నాకు తెలుసు. అన్నయ్యకు మతిపోయింది" అంది. ఆ సంతోషాన్ని అలా వదిలేసి ఉండాల్సింది. నా నోరు ఊరుకోలేదు. ఆడపిల్లని కూడా కాదమ్మా అన్నాను.

"మరేంటే నువ్వు?" అంది.

మనిషిని అన్నాను. ఆ మాట అమ్మకు చాలలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్క బెంచీలవాళ్ళు తినడం ఆపి చూశారు. పులుసు ఎవరూ తినలేదు.

నాన్న లోపలికి రాలేదు, కారులోనే కూర్చున్నాడు. అమ్మ చేత ఒక పొట్లం పంపాడు. విప్పితే సవరం, నడుం దాకా ఉన్న జడ. ఫంక్షన్ రోజు నా పొట్టి జుట్టుకు దాన్ని పిన్నులతో తగిలిస్తారట. ఫ్లెక్సీ కూడా తయారైంది, అమ్మ ఫోన్లో చూపించింది. నా హాల్‌టికెట్ ఫోటోలోని మొహం కోసి, ఎవరో అమ్మాయి ఓణీ కట్టుకున్న ఒంటి మీద అతికించారు. నేను వెళ్ళకముందే అక్కడ నిలబడి నవ్వుతున్నాను మావయ్యా.

నాన్న షరతు చెప్పి పంపాడు. ఫంక్షన్ సజావుగా జరిగితే హాస్టల్లో చదువు సాగుతుంది. లేదంటే కాలేజీ మాన్పించి ఇంట్లో పెడతాడు, డాక్టర్లకు చూపిస్తాడు. ఆదివారం ఫోన్ కూడా వద్దన్నాడట. ఇంజనీరింగ్ సీటు ఒక్కటే నేను బయటపడే దారి. ఆ దారి తాళంచెవి నాన్న జేబులో ఉంది.

నీమీద కోపంగా ఉంది. నా మాటను నన్నడక్కుండా ఎందుకు మోసుకెళ్ళావు? నేను నీకు చెప్పింది నీకోసం. పైగా అది నేను చెప్పిన మాట కూడా కాదు. నువ్వు నన్ను ఒక గదిలోంచి తీసి పక్క గదిలో పెట్టి గడియ వేశావు. నాగాయలంక అతను మగవాడు. అతనికి లోపల ఆ సంగతి గట్టిగా తెలుసు. నాకు లోపల అటు సంగతీ లేదు, ఇటు సంగతీ లేదు. పంచె కట్టినా నాకు అది వేషమే.

సంజీవరావు పీతల్ని తిరగేసి చూస్తాడని రాశావు చూడు, ఇక్కడ అందరూ నన్ను అలాగే తిరగేసి చూస్తున్నారు. నువ్వూ తిరగేశావు. కాకపోతే ప్రేమగా తిరగేశావు.

నువ్వు ఫంక్షన్‌కు రావద్దు మావయ్యా. ఏదీ తేవద్దు.

హేమ


ఎదురుమొండి,
5 సెప్టెంబరు 2025

చి.

అని రాసి ఆగిపోయాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. అలాగే ఉండనీ.

నాకూ కోపమొచ్చింది, దాచుకోను. ఒకటి కాదంటే రెండోది తెస్తానన్నాను, చెల్లెలితో మాట పడ్డాను, బావ విసిరిన పళ్ళెం నా పక్కనుంచే పోయింది. చివరికి రావద్దంటావా? అటూ కాదు ఇటూ కాదంటే నేను తెచ్చేదేంటి? కొట్టువాడు నా ముందు పరిచేవి రెండే. ఇటు చీరలు, అటు పంచెలు. మూడోది చూపించమని అడిగితే దుప్పట్లు చూపించాడు.

రాకుండా ఉండటం నావల్ల కాదు. మేనమామ రాని ఫంక్షన్ అంటే పుట్టింటివాళ్ళు చచ్చారన్నట్టు. మీ అమ్మ ఆ అవమానం బతికినంతకాలం మరిచిపోదు. అమ్మ పోయాక దానికి పుట్టిల్లంటే నేనే. నిన్ను కాపాడబోయి దాన్ని నలుగురిలో నిలబెట్టలేను. ఇది అర్థం చేసుకో.

ఇదంతా వారం కిందటే రాసి పంపేవాణ్ణి. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. వరదకు పంటు ఆపేశారు. లంకలో ఎక్కడివాళ్ళం అక్కడే. చుట్టూ నీళ్ళు, పని లేదు. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చదివే కొద్దీ కోపం తగ్గింది, సిగ్గేసింది. నీ మాట నేను మోసుకెళ్ళడం తప్పే. మంచి చేస్తున్నాననే తొందరలో నిన్ను అడగాలన్న ఆలోచనే రాలేదు.

వరదకు ముందురోజు సంజీవరావు దగ్గర ఒక పని చేశాను. ఒక పీతను చేతిలోనే ఉంచుకుని, దీన్ని తిరగేయకుండా తీసుకో అన్నాను. "అట్టయితే ఏ బుట్టలో వెయ్యమంటావు?" అన్నాడు. బుట్టలో వెయ్యకు, ఊరికే చూడు అన్నాను. "నీకేమైనా పిచ్చెక్కిందా పేరయ్యా? ఎండలో తిరగమాకు, ఇంటికెళ్ళి మజ్జిగ తాగు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను ఆ పీతను మళ్ళీ నీళ్ళలో వేసేశాను. నీళ్ళలో ఉన్నప్పుడు దానికి బుట్టల సంగతి తెలియదు కదా అనిపించింది. అంతకుమించి నా బుర్ర ముందుకు పోలేదు.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లోపల ఉంది, లోపల లేదు అంటే పట్టుకోలేను. కళ్ళకు కనబడేది ఏదైనా చెప్పు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఇబ్బంది లేకుండా హాయిగా ఉన్నావా? ఎక్కడ? అది చెబితే దాన్ని పట్టుకుని వస్తాను.

మావయ్య


విజయవాడ,
14 సెప్టెంబరు 2025

మావయ్యా,

నీ ఉత్తరం వినీల నిన్న లెక్కల పుస్తకంలో పెట్టి ఇచ్చింది. నన్ను ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగావు.

హాయిగా ఉన్నది నీ పడవలో.

అమ్మమ్మ ఉన్నప్పుడు ఒక వేసవిలో నువ్వు వలలకు వెళ్తుంటే నేనూ వస్తానని రేవులో ఏడ్చాను. "ఆడపిల్లని పడవెక్కించుకుంటావంట్రా, బుద్ధుందా నీకు?" అని అమ్మమ్మ ఒడ్డునుంచి అరిచింది. నువ్వు తాడు విప్పుతూ, వెనక్కి తిరక్కుండా, "నీళ్ళు తోడేవాళ్ళు లేరు" అన్నావు. అంతే. నన్ను రెక్క పట్టుకుని ఎక్కించావు.

పడవ కారుతుండేది. నూనె డబ్బాను సగానికి కోసి నా చేతికిచ్చావు. మడ చెట్ల మధ్య పాయలోకి వెళ్ళాం. ఎంతసేపు ఉన్నామో తెలియదు. నువ్వు మాట్లాడింది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే చాలా తక్కువ. తోడు అన్నావు. ఆపు అన్నావు. అటు జరుగు అన్నావు. ఆకలేస్తోందా అని అడిగి చద్దన్నం పెట్టావు. ఇంకేం అనలేదు. మంచిపిల్లవనలేదు, మగరాయుడిలా ఉన్నావనలేదు. నేను ఎవరినన్నది అక్కడ ఎవరికీ అవసరం లేదు. నీళ్ళు పైకి రాకపోతే చాలు. ఒళ్ళంతా బురద, ఎండ, చేతులు మంట. అయినా అంత తేలిగ్గా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

నాకు కావలసింది అదే మావయ్యా. నేను ఇంకొకరు అవ్వాలని లేదు. కొత్త పేరూ వద్దు, హేమ బాగానే ఉంది. నన్ను చూడగానే అందరూ నాకు తొడగాలని ఒకటి పట్టుకుని తయారుగా ఉంటారు. అది పట్టుకోకుండా ఎవరైనా నాతో ఉంటే చాలు.

నువ్వు అమ్మ కోసం రావాలని ఇప్పుడు అర్థమైంది. రా. సెలవులివ్వగానే నాన్న కారు పంపిస్తాడు. సవరం అమ్మ దగ్గరే ఉంది. స్టేజీ మీద నువ్వు ఏది పెట్టినా తీసుకుంటాను, కాదనే ధైర్యం నాకు లేదు. చదువు పోతుంది. నువ్వు ఏది తెచ్చినా, అది నాది కాదని నీకొక్కడికి తెలిసి ఉంటే చాలు.

అత్తకు చొక్కా సైజు చెప్పలేకపోయానని చెప్పు. అలా అడిగినందుకు అత్తంటే చాలా ఇష్టం.

హేమ


విజయవాడ,
12 అక్టోబరు 2025

మావయ్యా,

పోయిన శనివారం హాస్టల్‌కు తెచ్చి దింపారు. నువ్వు భోజనం కూడా చెయ్యకుండా హాల్లోంచి వెళ్ళిపోయావు, ఆ తర్వాత ఏం జరిగిందో నీకు చెప్పేవాళ్ళు ఉండరని రాస్తున్నాను.

నువ్వు పళ్ళెం పట్టుకుని స్టేజీ ఎక్కుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. ముందు మణికి పంచె పెట్టావు. తర్వాత నా చేతుల్లో బరువు తగిలింది. కళ్ళు తెరిస్తే నీలం రంగు బట్ట. వల రంగు. మెత్తటి నేత బట్ట, నాలుగు మూలలా పసుపు. చీరో పంచో తెలుసుకుందామని నా చేతులు అంచు కోసం వెతికాయి. అంచు లేదు. కొంగూ లేదు. ఏదీ కాని ఉత్త బట్ట. "పెడన వెళ్ళి నేయించాను. ఏం కుట్టించుకుంటావో నీ ఇష్టం. కుట్టించుకోకపోయినా నీ ఇష్టమే" అన్నావు, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా.

ఆ తర్వాతిది నువ్వూ విన్నావు. మొదటి వరసలోంచి ఎవరో "మేనమామ కర్టెను గుడ్డ తెచ్చాడర్రా" అన్నారు. హాలంతా నవ్వు. అమ్మ నీ దగ్గరికొచ్చి, నవ్వుతున్నట్టే మొహం పెట్టి, "ఇయ్యాల్టితో నీకూ నాకూ చెల్లు అన్నయ్యా" అంది. నువ్వు నాకూ మణికీ అక్షింతలు వేసి దిగిపోయావు. నీ కండువా కుర్చీ మీదే మర్చిపోయావు, అది నా దగ్గరుంది.

లోపలి గదిలో మా మేనత్త పెట్టె తెరిచింది. ఇలాంటిదేదో అవుతుందని ముందే ఓణీ కొని ఉంచారట. చిలకపచ్చ. కట్టారు, సవరం తగిలించారు, పూలు పెట్టారు. నేను కూర్చున్నాను మావయ్యా. అందరూ వచ్చి అక్షింతలు వేశారు. ఫోటోలన్నిట్లో నేను నవ్వుతూనే ఉన్నాను, ఫ్లెక్సీలో ఉన్నట్టే. పిన్నులు తలలో గుచ్చుకుంటున్నాయి. ఆ కాసేపూ నీ బట్ట చేతుల్లో ఎలా ఉండిందో అదే గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఓడిపోయావని అనుకుంటున్నావేమో. అంతమందిలో నన్ను తిరగేయనిది నువ్వొక్కడివే.

నాన్న మాట నిలబెట్టుకున్నాడు, చదువు ఆగలేదు. సంక్రాంతి వెళ్ళాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామని మాత్రం అమ్మ అంది. నీలం బట్టను గదిలో మూలకు విసిరేశారు. బట్టల కింద దాచి ఇక్కడికి తెచ్చేశాను. వినీల దాన్ని గవర్నర్‌పేటలో వాళ్ళ టైలర్ దగ్గరికి పట్టుకెళ్ళింది, ఊరికే వదులుగా ఒక చొక్కా కుట్టమని. "లేడీసా, జెంట్సా?" అని అడిగాడట. అదేదో చెబితే గానీ కొలత పట్టనన్నాడట. వినీల అతనితో పోట్లాడి బట్ట వెనక్కి తెచ్చేసింది. ఇంకా కుట్టించలేదు. అలాగే కప్పుకుంటున్నాను.

అమ్మ నీతో మాట్లాడుతోందా? నావల్ల మీ ఇద్దరికీ ఇలా అయిందని చాలా బాధగా ఉంది.

హేమ


ఎదురుమొండి,
18 అక్టోబరు 2025

హేమకు మావయ్య దీవెనలు.

మీ అమ్మ మాట్లాడటం లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. అత్త ఎండుచేపలు కట్టి మనిషితో పంపితే మూట విప్పకుండా వెనక్కి పంపింది. చెల్లెలి గుమ్మం నాకు మూసుకుపోయింది. బాధ లేదని చెబితే అబద్ధం. రేవులో అవనిగడ్డ బస్సు గురించి ఎవరు మాట్లాడుకున్నా చెవి అటే పోతుంది. కానీ ఇది నీవల్ల అయిందనుకోకు. బట్ట తెచ్చింది నేను. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. మీ అమ్మ కోపం మీ అమ్మంత పాతది, ఎప్పటికైనా జామచెట్టు దిగుతుంది. దింపడానికి నేనే వెళ్తాను.

నువ్వు రాసిందంతా నాకు అర్థమైందని చెప్పను. అత్త నన్ను అడుగుతుంది, పిల్లది ఇప్పుడేంటని. నాకు చెప్పడం చేతకాదు. మన హేమే, ఎప్పుడూ ఉన్నట్టే అంటాను. అంతవరకే వచ్చు. అత్త, అయితే పీతల ఇగురు తింటుందిగా అంటుంది. తింటుందని చెబుతాను.

కుట్టించలేదని బెంగపెట్టుకోకు. నేతగాడు కూడా అంచు ఏ రంగు వెయ్యమంటావని నా ప్రాణం తీశాడు. అంచు వద్దయ్యా అంటే, అంచు లేకుండా బట్టకు అందమేముంటుందని వాదించాడు. మగ్గం దిగాక మాత్రం రెండు చేతుల మీద వేసుకుని చూసి, ఇదీ బాగుందే అన్నాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వెళ్ళు. నాకు రాసినట్టే ఆయనకూ చెప్పు. ఆయన తిరగేసి చూస్తే ఊరుకో, మళ్ళీ నాకు రాయి. మార్చిలో పరీక్షలు బాగా రాయి. నిన్ను ఇక్కడికి పంపరని నాకు తెలుసు. ఎప్పుడు రాగలవో నేను అడగను. ఏ రోజు రాగలిగితే ఆ రోజు, ఎవర్నీ అడక్కుండా పంటు ఎక్కు. రేవులో నేను ఉంటాను.

కండువా నీ దగ్గరే ఉంచుకో. నూనె డబ్బా పడవలోనే ఉంది, తుప్పు పట్టకుండా తుడిచి పెట్టాను. అడుగుపలక మళ్ళీ కారుతోంది.

నీళ్ళు తోడేవాళ్ళు లేరు.

మావయ్య